నీలం పరదా

దివాకర్ ఊపిరి ఆగిందని తెలియగానే ఇంటి ఓనరు రాజనర్సు గేటుకు తాళం వేశాడు.

కిరాయికున్నవాళ్ల శవం లోపలికొస్తే ఇంటికి అరిష్టమట. వాళ్లిచ్చే కిరాయి మాత్రం ఏ నెలా అరిష్టం కాలేదు ఆ పెద్దమనిషికి.

సిరిసిల్ల దవాఖాన నుంచి తెచ్చిన శవాన్ని గేటు బయట మురుగు మోరీ పక్కన దించారు. పైన వాన. భార్య భాగ్య కొంగు తీసి మొగుడి ముఖం మీద అడ్డం పట్టుకుంది.

అప్పుడొచ్చాడు లస్మయ్య, సైకిలు మీద నీలం టార్పాలిన్ పరదా వేసుకుని. ఎవరూ పిలవలేదు. వెదురు బొంగులు పాతి, శవం మీద పరదా కట్టి, పక్కకెళ్లి బీడీ ముట్టించాడు.

కిరాయి ఇంట్లో ఎవరు పోయినా ఇలాగే దిగుతాడట. వాడకట్టంతా అతన్ని పీనుగుల లస్మయ్య అనేది. పొద్దున్నే ఎదురొస్తే ఉమ్మేసి పక్కకు తప్పుకునేది.

భాగ్యకూ అతన్ని చూస్తే రోత పుట్టింది. చావుల మీద బతికే మనిషి, రేపు పరదాకు కిరాయి అడగడానికి వస్తాడనుకుంది.

కర్మ అవగానే రాజనర్సు ఇల్లు ఖాళీ చేయించాడు. భాగ్య ఊరి చివర ఒక పెంకుటింటి గదిలో చేరింది. వానొస్తే గదంతా కురిసేది. లస్మయ్య తీసుకుపోకుండా వదిలేసిన పరదానే పెంకుల మీద కప్పించుకుంది. అడిగినప్పుడు చూద్దాంలే అనుకుంది.

ఒకరోజు అతను రానే వచ్చాడు. వాకిట్లో నిలబడి కప్పు వైపు చూశాడు.

"పరదా కోసమా? వానలు పోయినంక రా," అంది భాగ్య. కూర్చోమని కూడా అనలేదు.

అతను తలూపి సైకిలెక్కాడు. సిగ్గులేని జన్మ అని ఆమె వెనక నుంచి తిట్టుకుంది.

కొన్నాళ్లకు తను చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వస్తుంటే, ఒక మూసిన గేటు ముందు జనం కనిపించారు. వానలో, నేల మీద లస్మయ్య శవం. అతని పక్క గదిలో కిరాయికుండే ముసలామె దేవవ్వ దాని మీద గొడుగు పట్టుకుని కూర్చుంది.

"ఈయనకు ఇల్లు లేదా?" అడిగింది భాగ్య.

"ఏడిది బిడ్డా. కిరాయి అర్రనే. పెండ్లాం పోయిననాడు గిట్లనే వానల పండవెట్టిన్రు. గప్పుడు కొన్నడు గా పరదా."



దేవవ్వ గొడుగు చెయ్యి మార్చుకుంది.

"పానం బాగలేనప్పుడే చెప్పిన, పోయి పరదా తెచ్చుకోరాదు అని. ఎవలో మొగడు పోయిన పిల్ల ఇంటి మీదుందట. ఆమె ఇల్లు కురుస్తది, నేను సచ్చినా అడుగొద్దు అన్నడు."