కుడివైపు ఆరు కిలోలు

కిరణ్ కుమార్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

తెల్లారకుండానే ఏలూరులో బయల్దేరి, ఆకివీడు దాటి, కొల్లేటి గట్ల గతుకుల్లో నడుము విరిగేలా వచ్చాడు. లేజర్ స్కానర్‌ని ఒక్కో వైపూ మార్చి మార్చి నిలబెట్టి, మూడు గంటలు ఎండలో మాడాడు. అంతా ఒక్క తాటిదోనె కోసం. దాని కొలతలతో నలభై ఫైబర్ దోనెలు పోయించాలని కంపెనీ ఆలోచన.

ఎవరి దోనె మంచిదని అడిగితే లంకలో అందరూ ఒకటే చెప్పారు. పాపారావు తన ఇంటి కోసం చెక్కుకున్న దోనె. ఏడేళ్ళుగా ఎంత గాలికీ తిరగబడనిది.

తీరా చూస్తే అది శుద్ధ వంకర. గుమ్మడికాయ ముక్కలు తరిగినట్టు దాన్ని లాప్‌టాప్ తెర మీద అడ్డంగా కోసి చూశాడు. ఏ ముక్కలో చూసినా ఎడమ గోడ కన్నా కుడి గోడ మందం.

"పాపారావు గారూ, దీన్ని కొలిచి చెక్కారా, కళ్ళు మూసుకుని చెక్కారా?"

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అరవై దోనెలు చెక్కిన మనిషి పాపారావు. ఆ నవ్వుకి ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"మాట జాగ్రత్తండి. ఈ కొల్లేట్లో నా పనికి వంక పెట్టినోడు ఇంతవరకూ లేడు."

"పెట్టింది నేను కాదండి, యంత్రం."

పాక అరుగు మీద పాపారావు భార్య దేవకుమారి ఒడి నిండా వల పరుచుకుని చిరుగులు కడుతోంది. దోనె ఆవిడదే. రోజూ చేపలకు వెళ్ళేది అందులోనే. పొద్దున్నించీ కిరణ్ కుమార్‌కి ఆవిడ మీదా మంటగానే ఉంది. మంచినీళ్ళడిగితే కూర్చున్న చోటు నుంచి కదలలేదు. కుండ అక్కడుందండి, ముంచుకోండి అంది. మర్యాదకి పుట్టినిల్లట గోదావరి జిల్లా!

"దోనె వంకరైతే ఏవైందండి?" అంది దేవకుమారి తలెత్తకుండానే. "తిరగబడకుండా నడపడం నడిపేవాళ్ళ నేర్పు. ఏడేళ్ళలో నేను ఒక్కసారి నీళ్ళలో పడలేదు."

ఆ గొంతులో గర్వం కిరణ్ కుమార్‌ని ఇంకాస్త రెచ్చగొట్టింది. లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాడు.

"నేర్పు సరేనండి. అసలు ఎటుపక్క ఎంత చెక్క అదనంగా ఉందో..."

పాపారావు ఒక్క అంగలో వచ్చి లాప్‌టాప్ మూత ఫట్‌మని మూసేశాడు. కిరణ్ కుమార్ నోరు తెరిచేలోగా రెక్క పట్టుకుని పాక వెనక్కి లాక్కుపోయాడు. గొంతు మాత్రం బాగా తగ్గించాడు.

"వంకరనే రాసుకోండి. పాపారావుకి చేతకాక పాడుచేశాడని రాసుకోండి. నలుగురిలో చెప్పినా సరే. ఎటుపక్క, ఎన్ని కిలోలు అన్న మాట మా ఆవిడ చెవిన పడిందో, మీ మిషను కొల్లేట్లో ఉంటది."

ఓహో, పెళ్ళాం దగ్గర పరువా అనుకున్నాడు కిరణ్ కుమార్. తప్పు చేసిందీ తనే, బెదిరించేదీ తనే. కసిగా రిపోర్టు కొట్టాడు. కుడివైపు ఆరు కిలోల అదనపు చెక్క, పనితనం నాసి, అచ్చుకు పనికిరాదు. చివరి ముక్క గట్టు మీద అందరికీ వినపడేలా పైకి చదివాడు.

ఎవరూ నవ్వలేదు. అరవై దోనెల పేరు ఒక్క మాటతో పోయింది. పాపారావు పళ్ళు బిగించి నేల చూస్తూ నిలబడ్డాడు.

"అయిందాండి? వల వేసే వేళ దాటిపోతంది, దోనె దించండి" అంది దేవకుమారి.

ఇద్దరు మనుషులు దోనెను నీళ్ళలోకి తోశారు. ఖాళీ దోనె కుడిపక్కకి ఒరిగింది.

"చూడండి, కంటికే కనపడుతోంది" అన్నాడు కిరణ్ కుమార్.

దేవకుమారి ఒళ్ళోని వల భుజాన వేసుకుని, తొడ కింద ఖాళీగా వేలాడుతున్న కుడివైపు చీరను నడుముకు దోపుకుని, తెడ్డు ఊతంగా ఒంటికాలి మీద గెంతుతూ వెళ్ళి ఎక్కి కూర్చోగానే, అంతసేపూ కుడికి ఒరిగి ఉన్న దోనె గీత గీసినట్టు సమంగా నిలబడింది.