జారని బంతి

"పాపను నీ చేతికివ్వను నాన్నా. కోపం వచ్చినా సరే," అంది రొనెల్, పసిదాన్ని గుండెకు హత్తుకుని ఓ అడుగు వెనక్కి వేస్తూ.

చాపిన అల్సీ చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో బంతిని చంకన ఇరికించుకుని, మీదపడే మనుషుల్ని తోసుకుంటూ పరుగెత్తి సంపాదించిన చేతులవి. గెలుపు గీత దాటి, సంబరంగా బంతిని నేలకేసి కొడుతున్న అతని ఫొటో ఇప్పటికీ హాలు గోడ మీద ఉంది. అప్పటి దెబ్బలు మాత్రం తలలో మిగిలాయి. మొన్నటికి మొన్న రొయ్యల గంబో పులుసు గిన్నె చేతిలోంచి ఎప్పుడు జారిందో అతనికే తెలియలేదు. నేల కడిగింది రొనెలే.

పక్కింటి బ్రూక్స్ అల్సీ జట్టువాడే. ఆటలో అతని ముందు పరుగెత్తి, అడ్డొచ్చినవాళ్లను తోసి దారి చేసినవాడు. ఇప్పుడూ తనే ఓ దారి చూపించాడు. ఆటలో బంతి జారవిడిచినవాడికి వాళ్ల జట్టులో ఒక శిక్ష ఉండేది. వారమంతా బంతి చంకలోనే ఉండాలి. తింటున్నా సరే, పడుకున్నా సరే. ఎదురైనవాడల్లా దాన్ని ఊడగొట్టాలని చూస్తాడు.

"వారం జారకపోతే పిల్లనిస్తావా అమ్మాయ్?" అనడిగాడు బ్రూక్స్. రొనెల్ తండ్రి మొహం చూసి, కాదనలేక ఒప్పుకుంది.

ఇక ఇంటిల్లిపాదీ అల్సీ మీద పడ్డారు. అల్లుడు తలుపు వెనక మాటు వేశాడు. చర్చిలో పాస్టరుగారు సైతం పలకరిస్తున్నట్టే వచ్చి బంతిని ఒక్కటి చరిచారు. భార్య వెర్నీస్ అతను నిద్రపోతుండగా లాగి చూసింది. బంతి కదల్లేదు.

"నన్ను ఏనాడైనా అంత గట్టిగా పట్టుకున్నావా?" అని దెప్పింది.

"నిన్ను లాక్కోవడానికి ఎవడూ రాలేదు కదే," అన్నాడు అల్సీ. చాలాకాలానికి ఆ ఇంట్లో అతని నవ్వు వినిపించింది.

ఆదివారం మధ్యాహ్నంతో గడువు తీరింది. పెరట్లోంచి అల్సీ వస్తుంటే లోపల అందరూ లేచి నిలబడ్డారు. బ్రూక్స్ చప్పట్లు మొదలుపెట్టాడు. ఈలలు వేశారు. రొనెల్ కళ్లు తుడుచుకుని, పాపను ఎత్తుకుని గుమ్మానికి ఎదురొచ్చింది.

అల్సీ గడప దాటాడు.

ఫెడీమని బంతి నేలకు తగిలి, ఇంటికప్పు దాకా ఎగిరింది.

అందరూ విరగబడి నవ్వారు. "గీత దాటితే చాలు, బంతిని నేలకేసి కొట్టందే వీడు ఆగడు. ముసలాడివయ్యావు, ఇంకా ఆ పొగరు పోలేదురా," అన్నాడు బ్రూక్స్, పొట్ట పట్టుకుని.

అల్సీ నవ్వలేదు. ఖాళీ అయిన చేతి వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ చెయ్యి ఎప్పుడు పైకి లేచి బంతిని విసిరికొట్టిందో అతనికి తెలియదు.

"గెలిచావు నాన్నా. ఇదిగో, తీసుకో," అంటూ రొనెల్ పాపను అందించింది.

"దాన్ని నీ దగ్గరే ఉంచుకో తల్లీ," అన్నాడు అల్సీ, రెండు చేతులూ వీపు వెనక దాచుకుని.