చేసి నేర్చుకునేవాళ్ళు

“నా పిల్లని లోపల పెట్టి తాళం వేసింది మీరే! మీరే కదా! మనుషులేనా మీరు?”

ఆమె తలుపు తోసుకొచ్చిన తీరుకి హాల్లో టీచర్లంతా ఉలిక్కిపడ్డారు. మరుక్షణం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. భోజనాల తర్వాత కోపంతో ఊగిపోతూ ఒక తల్లి వస్తుందనీ, ఆమె నాటకాల మనిషేననీ, అయినా నిజం తల్లి అనుకునే మెలగాలనీ ట్రైనరు ముందే చెప్పి ఉంచాడు. పాఠం విని కాదు, అనుభవించి నేర్చుకోవాలన్నది ఈ ట్రైనింగు. అందుకోసం ఈ స్కూలు పిల్లల్ని మధ్యాహ్నమే ఇళ్ళకి తోలేసి, వేరే స్కూళ్ళ టీచర్లను తెచ్చి కూర్చోబెట్టారు. ఎవరు ఏ తీరున నేర్చుకుంటారో తేల్చి, రాగానే ఒక్కొక్కరికీ ఒక రంగు బిళ్ళ తగిలించారు.

“రండమ్మా, చెప్పండి” అన్నాడు ట్రైనరు, టీచర్లకేసి కన్నుగీటుతూ.

“చెప్పేదేముంది సార్! బొమ్మల గదిలో ఉంది నా కూతురు. కుదురుగా కూర్చోదని పొద్దున వాళ్ళ టీచరు అక్కడికి పంపిందంట. దాని జతపిల్ల చెప్పింది. ఏ మూలో నిద్రపోయుంటుంది. మీరు ఈ ట్రైనింగుకని బొమ్మలు చేసే మట్టీ చార్టులూ తీసుకుని తాళం వేసుకొచ్చేశారు. దానికి ఆయాసం సార్! పీల్చే పంపు ఇదిగో, నా దగ్గరే ఉండిపోయింది!”

వెనక బెంచీలో తెలుగు మాస్టారు పక్కాయన చెవి కొరికాడు. “పంపు కూడా తెచ్చుకుంది చూడు. మా ఆవిడ కంటే బాగా ఏడుస్తోందయ్యా.”

బల్ల మీద చార్టుల పక్కనే తాళంచెవుల గుత్తి ఉంది. ఆమె చెయ్యి చాచింది. ట్రైనరు చటుక్కున గుత్తి తీసి జేబులో వేసుకున్నాడు.

“ముట్టుకోవడాలు వద్దమ్మా. మాటలతోనే.”

“ఇంకా మాటలేంటి! ఇందాక తలుపు గీకింది సార్. ఇప్పుడు గీకడం లేదు!”

“అబ్బ! ఈ ముక్క నేను చెప్పలేదండీ. ఏ కథ అల్లుకుంటారో మీ ఇష్టం అని ఫోన్లో అన్నానంతే” అని టీచర్ల వైపు తిరిగాడు. “ఎవరూ లేవకండి. లేస్తే ఆట అయిపోయినట్టే.”

“ఆటేంటి సార్? నా పిల్ల సార్!”

“అలాగే కానివ్వండి. నీలం బిళ్ళలవాళ్ళూ, మీరు చూసి నేర్చుకునేవాళ్ళు. ఏం చూశారు?”

“వేళ్ళు చిట్లి రక్తం కారుతోంది సార్” అంది లెక్కల టీచరు.

“రాయితో కొట్టానమ్మా, తాళం ఊడలేదమ్మా...”

“ఎర్ర బిళ్ళలు? విని నేర్చుకునేవాళ్ళు?”

“సార్ అంటూనే నిలదీస్తోంది సార్. గొంతులో భయం, కోపం, రెండూ ఉన్నాయి.”

చప్పట్లు. ఆమె ఒక్కొక్కరి ముందుకీ పరిగెత్తింది. “అక్కా, మీరైనా లేవండి. అన్నా, నీకూ పిల్లలుంటారు కదా!” అక్క తలాడించి కాగితం మీద ఏదో రాసుకుంది. అన్న, “ముందు కూర్చోండమ్మా, మీ బాధ మాకు అర్థమైంది” అన్నాడు, ఇందాక ట్రైనరు నేర్పిన వాక్యం పొల్లుపోకుండా. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్క కాలు కదల్లేదు.

“ఇక పచ్చ బిళ్ళలు. మీరు చేసి నేర్చుకునేవాళ్ళు కదా, ఏం చేస్తారు?”

పచ్చ బిళ్ళలవాళ్ళు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. చివరికి డ్రాయింగు మాస్టారు కూర్చున్న చోటి నుంచే నీళ్ళ సీసా అందించబోయాడు. ఆమె దాన్ని చూడనైనా లేదు. కూలబడిపోయి ట్రైనరు కాళ్ళు పట్టుకుంది. ఈసారి చప్పట్లు హాలు అదిరేలా మోగాయి.

ఆ మోతలోనే తలుపు మళ్ళీ తెరుచుకుంది. ముఖానికి రంగు వేసుకున్న ఒకావిడ ఒగురుస్తూ లోపలికి తొంగి చూసింది.

“సారీ సార్, బస్సు చెడిపోయింది. కోపంగా వచ్చే తల్లి వేషం నాదే. ఆలస్యమైందా?”

చప్పట్లు ఆగిపోయాయి. ట్రైనరు చెయ్యి జేబు మీదే బిగుసుకుపోయింది.

నేల మీద నుంచి ఆమె పంపు పైకెత్తింది.

“చూశారు, విన్నారు. ఇక లేవండయ్యా. తాళం తియ్యండి!”