చదివిపెట్టే మనిషి

"చదివిపెట్టే మనిషి ఇంకా రాలేదు," అన్నాడు పరీక్ష సూపర్వైజరు, గడియారం వైపు చూస్తూ.

కూతుర్ని పరీక్షకి తీసుకొచ్చిన దర్జీ ఒక అడుగు ముందుకేశాడు.

"రాకపోతే ఎలాగండీ?"

"ఇంకాసేపు చూద్దాం. ఆ తర్వాత నా చేతుల్లో ఏం లేదు."

గుమ్మంలో దర్జీ కూతురు హాల్‌టికెట్టు నలుపుతూ నిలబడింది.

కరెంటు పనుల శిక్షణలో సీటు కోసం ఆ పరీక్ష. వీధిలో ఎవరి మిక్సీ మొరాయించినా, ఎవరి ఫ్యాను ఆగిపోయినా ఆ పిల్లే దిక్కు. తీగలు చూస్తే చాలు, ఏది ఎక్కడికి వెళ్లాలో ఇట్టే చెప్పేస్తుంది.

కాగితం మీద అక్షరాలు చూస్తేనే తికమక. ఒకటి ఇంకొకటిలా కనిపిస్తుంది. నాలుగు లైన్లు చదివేసరికి తల వేడెక్కిపోతుంది.

బళ్లో మొద్దు అన్నారు. దర్జీ కూడా బద్ధకమే అనుకున్నాడు. చివరికి ఒక డాక్టరమ్మ పరీక్షించి తేల్చింది.

"తెలివికేం లోటు లేదు. చదవడం దగ్గరే ఇబ్బంది. ప్రశ్నలు ఎవరైనా చదివిపెట్టి, కాస్త టైము ఎక్కువిస్తే చాలు. అడగండి, అది మీ హక్కు."

అడిగారు. ఇస్తామన్నారు. తీరా ఇవాళ ఆ మనిషే రాలేదు!

"నేను చదువుతాను," అంటూ వరండాలో బెంచీ మీంచి ఒక పెద్దావిడ లేచింది.

సూపర్వైజరు మారు మాట్లాడకుండా ప్రశ్నపత్రం ఆమె చేతికిచ్చాడు.

తండ్రీకూతుళ్లకి ప్రాణం లేచొచ్చింది.

దర్జీ బయట తలుపు దగ్గరే చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"కింది... వాటిలో... వి... విద్యుత్తు..."

ఆవిడ తడబడుతోంది!

దర్జీ ఆగలేకపోయాడు. తలుపు తోసుకుని లోపలికెళ్లాడు.

"చదవడం రాని మనిషిని చదవడానికి కూర్చోబెడతారా? మా పిల్ల బతుకేం కావాలి?"

పెద్దావిడ తలెత్తింది. ముఖంలో కోపం లేదు.

"నెమ్మదిగా చదువుతాను బాబూ. తప్పు మాత్రం చదవను."

"నాన్నా, నువ్వు బయటికెళ్లు!" కూతురు అరిచినంత పని చేసింది. "నాకు ఇలాగే బాగుంది!"

దర్జీకి వరండాలో కాలు నిలవలేదు. అటు నడిచాడు, ఇటు నడిచాడు. చెమట తుడుచుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. కూతురు బాణంలా దూసుకొచ్చింది.

"నాన్నా! అన్నీ రాశాను! ఒక్కటీ వదల్లేదు!"

అతని రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పేసింది.

"నిజంగానా తల్లీ! మరి ఆవిడ అంత తడుముకుంటుంటే..."

"ఆవిడకీ నాలాగే నాన్నా! అక్షరాలు కుదురుగా నిలబడవట. మాట మాటకీ వేలు పెట్టి చదివింది. మళ్లీ చదవమంటే మళ్లీ చదివింది, విసుక్కోలేదు. ఆ నెమ్మదికి నాకు ప్రతి ప్రశ్నా బొమ్మలా కళ్లకి కట్టేసిందనుకో!"

దర్జీ ముఖం చిన్నబోయింది. బళ్లో తన కూతుర్ని చులకన చేసినట్టే, తనూ ఆవిడని చులకన చేశాడు.

"పద, ఆవిడని క్షమించమని అడగాలి."

ఇద్దరూ గేటు దాకా పరుగెత్తారు. రోడ్డు మీద లేదు. బస్టాపులోనూ లేదు.

వెనక్కి వచ్చేసరికి సూపర్వైజరు గదికి తాళం వేస్తున్నాడు.

"ఆవిడెవరండీ? ఇక్కడ ఉద్యోగమా?"

"అబ్బే! చదివేవాళ్లు రాక ఏ పిల్లా ఉత్త చేతులతో తిరిగి వెళ్లకూడదని, పరీక్ష ఉన్నప్పుడల్లా వచ్చి కూర్చుంటారు."

"ఆవిడకెందుకండీ అంత పట్టింపు?"

సూపర్వైజరు తాళం లాగి చూసి, వాళ్ల వైపు తిరిగాడు.

"మీ అమ్మాయికి ఇవాళ పనికొచ్చిన రూలు కోసం కోర్టుల చుట్టూ తిరిగి గెలిచింది ఆవిడేనండీ. గెలిచేసరికి ఈ పరీక్ష రాసే వయసు ఆవిడకి దాటిపోయింది."