రేకుల కింద తొలకరి

వేటగాడి పెరట్లో, రేకుల పందిరి కింద ఒక పెద్ద పంజరం ఉండేది. అందులోకి కొత్తగా వచ్చిన కౌజుపిట్ట బెంగతో తిండి మానేసి ఓ మూల కూర్చుంది. తక్కిన పిట్టలు మాత్రం పెట్టిన జొన్నల్లో సగం తిని, సగం గడ్డి కింద దాస్తున్నాయి.

"కడుపు మాడ్చుకుని ఎవరికోసం దాచడం?" అని అడిగింది కౌజు.

"రేపో మాపో తొలకరి పండగమ్మా," అంది ముసలి చిలక. "ఈ రేకుల వల్ల వాన మన మీద పడదు. అందుకని వానలో తడిసిన కొమ్మ ఒకటి ఉడుత దగ్గర కొనుక్కుంటాం."

వాటి పిచ్చి చూసి కౌజుకి జాలేసింది.

ఒక మధ్యాహ్నం రేకుల మీద వాన దడదడమంది. ఉడుత ఊచల దగ్గరికొచ్చి, గింజలు చూసి మూతి విరిచింది. "ఇవేం సరిపోతాయి? పిల్లల తల్లిని. ఇంత వానలో కొమ్మ తేవడమంటే మాటలా?"

చిలక తల దించుకుంది. ఏళ్ల తరబడి వాన ఎరగని దాని ఈకలు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. అది చూసి కౌజు ఉండబట్టలేక, తను ముట్టని జొన్నలన్నీ ఊచల దాకా నెట్టింది.

"ఇవి కూడా తీసుకో అత్తా. త్వరగా వెళ్లిరా."

ఉడుత తడిసిన వేపరెమ్మ తెచ్చి లోపలికి దూర్చింది. పిట్టలన్నీ రెక్కలు విప్పి చుట్టూ చేరాయి.

"ముందు నీకే తల్లీ," అంటూ చిలక రెమ్మను ముక్కున పట్టి కౌజు మీద దులిపింది. వీపు మీద చల్లటి చుక్కలు పడగానే కౌజు తనకి తెలియకుండానే గొంతెత్తి కూసింది. పట్టుబడ్డాక అదే మొదటి కూత.

కంచె అవతలి చేలోంచి ఇంకో కౌజు బదులు పలికింది.

పిట్టలన్నీ అటు తిరిగాయి. చిలక తన వంతు చినుకుల సంగతే మరిచిపోయి, "నీవాళ్లేనమ్మా! మళ్లీ పిలువు," అంది.