రాణిగారి గొంతు

పద్యం చివర రాగం తీస్తుంటే నిత్యానందం గొంతు జీరబోయింది.

జీరబోయిందనడం మర్యాదకి. నిజానికి కోడిపుంజులా కూసింది.

రిహార్సల్ గదంతా గొల్లుమంది.

వెనక బెంచీ మీది ప్రసాదరావు ఒక్కడే నవ్వలేదు. మఫ్లరు సవరించుకుంటూ లేచాడు.

"ఆపించండి మాష్టారూ," అన్నాడు డ్రామా మాష్టారితో.

అది 1936. ఏలూరులో ఒక మిషన్ హైస్కూలు. వార్షికోత్సవానికి ఏటా ఒక పద్యనాటకం వేస్తారు. మీసాలు రాని మగపిల్లలే రాణులు. ఈసారి రాణి, ఫిఫ్తు ఫారం నిత్యానందం.

చూడటానికి రాజమండ్రి నుంచి నాటకాల కంపెనీవాళ్ళు వస్తున్నారు. నచ్చితే వెంట తీసుకెళ్తారు. పెదపాడులో కూలికెళ్ళే నిత్యానందం వాళ్ళమ్మ సారమ్మ ఈ సంగతి అప్పుడే పేటంతా చెప్పేసింది.

ప్రసాదరావు ఎవరో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆకివీడు నుంచి వచ్చి, ఇదే క్లాసులో చదివే అబ్బాయిరాజు వాళ్ళింట్లో దిగాడు. రోజూ రిహార్సల్‌కి వచ్చి కూర్చుంటాడు. నలభై ఏళ్ళుండవు. మాట గుసగుసలాగే వస్తుంది. మిట్టమధ్యాహ్నం కూడా మెడకి మఫ్లరే. పిల్లలు ఆయనకి మఫ్లరు మాష్టారని పేరు పెట్టారు.

నిత్యానందానికి మాత్రం ఆయనంటే ప్రాణం. రాణి ఎలా నడుస్తుందో, ఏడుపొస్తే కొంగుని రెండు వేళ్ళతో ఎలా అందుకుంటుందో ఆయనే నేర్పాడు.

పద్యాలు మాత్రం నేర్పలేదు. అవి గ్రామఫోను నేర్పింది. డ్రామా వేయించే గంగాధరరావు మాష్టారి దగ్గర మిస్ రత్నమాణిక్యం పాడిన పాత ప్లేటొకటి ఉంది.

"ఆ తల్లి ఇప్పుడెక్కడుందో పాపం. ఇలాంటి ఆడగొంతు మళ్ళీ పుట్టలేదురా," అనేవాడు మాష్టారు, పెట్టిన ప్రతిసారీ.

ఆ ప్లేటు పెట్టగానే ప్రసాదరావుకి దాహం వేసేది. మంచినీళ్ళకని బయటికెళ్ళిపోయేవాడు.

ఆ రోజు ఆయన మాష్టారిని వరండాలోకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. తిరిగొచ్చిన మాష్టారు నిత్యానందం వైపు చూడలేదు.

"రాణి అబ్బాయిరాజు వేస్తాడు. నువ్వు తెర లాగు."

అబ్బాయిరాజుకి అప్పటికే మీసం వస్తోంది. మర్నాడు గీయించుకొచ్చాడు.

"రాజుగారింట్లో కొరమీను పులుసు తింటూ ఆ మఫ్లరు మాష్టారు మనకి వేషం ఇప్పిస్తాడేంట్రా?" అన్నాడు స్నేహితుడు విశ్వాసం. "రాణి వేషం మన పేటకి ఎప్పుడైనా వచ్చిందా?"

సాయంత్రం నిత్యానందం కాలవగట్టు మీద ప్రసాదరావుని ఆపాడు.

"నా వేషం తీయించింది మీరేనాండీ?"

"నేనే."

"ఎందుకండీ?"

"నీ గొంతు మారుతోంది బాబూ. ఏడాది పాటు పాడకు. చర్చిలో కూడా వద్దు."

"అబ్బాయిరాజు పాడొచ్చాండీ?"

"వాడికి మారడం అయిపోయింది. ఇంక పాడయ్యేదేం లేదు."

"వాళ్ళింట్లో పులుసు బావుంటుందాండీ?"

ప్రసాదరావు నీళ్ళవైపు తిరిగాడు.

"ఉప్పెక్కువ," అన్నాడు.

నిత్యానందానికి ఒళ్ళు మండిపోయింది.

"కంపెనీవాళ్ళు మళ్ళీ వస్తారాండీ? మా అమ్మకేం చెప్పుకోను? మీకెలాగూ గొంతు లేదు, నాకు మాత్రం ఎందుకనుకున్నారా?"

ప్రసాదరావు చెయ్యి మఫ్లరు మీదికి పోయింది.

"ఆ కంపెనీవాళ్ళు నాకు తెలుసు బాబూ. వాళ్ళు ఆగరు," అని మాత్రం అన్నాడు.

వార్షికోత్సవం నాడు అబ్బాయిరాజు పాడిన పద్యానికి ఒక్కటే వన్స్‌మోర్ వచ్చింది. అదీ వాళ్ళ నాన్నది. కంపెనీవాళ్ళు సగంలోనే లేచి వెళ్ళిపోయారు. తెరతాడు పట్టుకుని నిలబడ్డ నిత్యానందానికి అదీ సంతోషం అనిపించలేదు.

వెనక బెంచీ ఖాళీగా ఉంది. ప్రసాదరావు అంతకుముందే ఆకివీడు వెళ్ళిపోయాడట.

ఇంక పాడితే ఒట్టని నిత్యానందం మూతి బిగించుకున్నాడు. చర్చిలో పాస్టరుగారు పిలిచినా లేవలేదు. అలకలో తను ఎవరి మాట వింటున్నాడో అతనికి తోచనే లేదు.

మరుసటి ఏడు ఈస్టరుకి సారమ్మ బతిమాలింది. ఆవిడ మాట కాదనలేక లేచి పాడాడు.

ముందు వరసల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. కొత్త గొంతు. లోతుగా, నిండుగా, ఎక్కడా జీర లేకుండా.

ఆ వారంలోనే పడవెక్కి కొల్లేరు దాటి ఆకివీడు వెళ్ళాడు. ప్రసాదరావు ఎదురుగా నిలబడి, ముఖం మీద ఒక్క పద్యం పాడి వచ్చేయాలి. అంతే.

తలుపు తీసింది ఆయన అక్క వరమ్మ.

"పోయాడు నాయనా. శ్రావణంలోనే. గొంతు జబ్బు."

దారంతా పాడుకుంటూ వచ్చిన పద్యం నోట్లోనే ఉండిపోయింది.

"ఏలూరు పిల్లాడివి నువ్వేనా? రాణి వేషం పోయిందే, ఆ అబ్బాయివా?"

"అవునండీ."

"గొంతు నిలిచిందా?"

"నిలిచిందండీ."

"హమ్మయ్య," అని ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అప్పుడు మా తమ్ముడికి పదిహేనో ఏడు. గొంతు మారుతోందండీ, కొన్నాళ్ళు ఆగండీ అని మా నాన్న కంపెనీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. వాళ్ళు విన్లేదు. నెత్తురు పడేదాకా పాడించి, ఇంటికి పంపేశారు. ప్లేటొక్కటే మిగిలింది. అది మాత్రం ఇంట్లో పెట్టనిచ్చేవాడు కాదు."

"ఏ ప్లేటండీ?"

వరమ్మ లోపలి గోడ మీది పాత ఫొటో చూపించింది. పట్టుచీరలో ఒక రాణి. రెండు వేళ్ళతో అందుకున్న కొంగు.

ఆ వేళ్ళని నిత్యానందం గుర్తుపట్టాడు.

"ఇంట్లో ప్రసాదరావే నాయనా," అంది వరమ్మ. "ఆ చీర కట్టాక మాత్రం, మిస్ రత్నమాణిక్యం."