ఆఖరున పైకప్పు

పైకప్పు మళ్లీ పెట్టి చూశాడు. ఎడమ చివర ఇంకా వెంట్రుకవాసి సందు ఉంది. తీసి, అంచును ఉప్పుకాగితంతో నిమిరినట్టు రుద్ది, మళ్లీ పెట్టాడు. ఈసారి అతుకు కనబడలేదు.

"కూర్చుంది," అన్నాడు తనలో తను.

"ఏం కూర్చుంది?"

ఉలిక్కిపడి చూశాడు. గుమ్మంలో భార్య, చేతిలో టీ గ్లాసు. అతను ఈ రైలుపెట్టె మొదలుపెట్టిన నాటినుంచి ఆమె ఈ గదిలో అడుగుపెట్టలేదు.

విడిభాగాలు తెచ్చి బుల్లి రైలుపెట్టెలు తయారుచేయడంలో అతనిది అందె వేసిన చెయ్యి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ బల్ల చుట్టూనే చేరేవాళ్లు. వాళ్లకు చెప్పే మొదటి పాఠం, పైకప్పు ఆఖరున వేయాలని. టక్కున అతికే జిగురు లోపల వాడి వెంటనే మూసేస్తే, దాని ఆవిరికి బయటికి దారిలేక కిటికీలన్నీ తెల్లబడతాయి. "ఇక ఆ రైలుకి శుక్లాలొచ్చినట్టే. ఆపరేషన్ కూడా లేదు," అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. టీలు అందించే భార్యకు ఆ జోకు కంఠతా వచ్చేసింది.

ఈ పెట్టె వేరు. ఇది కూతురు ఎక్కిన పెట్టె. ఇంట్లో పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల, కొత్త ఉద్యోగంలో చేరడానికి వెళ్తూ, కిటికీ పక్క సీట్లోంచి చెయ్యి ఊపింది. తెల్లవారుజామున మంచులో ఎదురు రైలు ఎవరికీ కనబడలేదు.

అతను పిచ్చుకను కూడా చేశాడు. చిక్కుడుగింజంత బొమ్మ. ఎర్ర స్వెటరు, ఎత్తిన చెయ్యి. అదే సీట్లో కూర్చోబెట్టాడు. లోపల చిన్న దీపం అమర్చాడు. రేపటి ప్రదర్శనలో వచ్చేపోయేవాళ్లు ఆ కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి పిల్లను చూడాలి. అతనికి ఇంకే కోరికా లేదు.

భార్య ఒక్కసారే అంది, "దాన్ని మళ్లీ ఆ రైలెక్కించకండి" అని. అతను వినలేదు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పటినుంచి ఇద్దరి మధ్య మాటలు పాల దగ్గర, మందుల దగ్గర, ఇంటి తాళాల దగ్గర ఆగిపోతున్నాయి.

అలాంటిది ఇవాళ తనే టీ తెచ్చింది.

"పైకప్పు," అన్నాడు. "సరిగ్గా కూర్చుంది. అతికించేస్తే సాయంత్రం తమ్ముడొచ్చి తీసుకెళ్తాడు."

ఆమె వంగి పెట్టెలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"చెయ్యి అచ్చం అలాగే పెట్టారు."

ఇన్నాళ్లూ ఈ మాట కోసమే కాచుకుని ఉన్నానని అతనికి అప్పుడు తెలిసింది. టీ గడగడా తాగేశాడు.

"చేతులు కడుక్కోండి మరి. రంగు మీద వేలిముద్ర పడితే మళ్లీ మొదటికొస్తుందంటారుగా."

నవ్వొచ్చినంత పనైంది. ఇవన్నీ గుర్తున్నాయన్నమాట. వెళ్లి సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. ఆమె బల్ల దగ్గరే ఉంది. ఆవిరి రాని, నిదానంగా ఆరే రెండు ట్యూబుల జిగురు కలిపి, పుల్లతో పైకప్పు అంచుకు పూశాడు. ఎప్పటిలాగే ఆ కిటికీని అవతలివైపుకు తిప్పి పెట్టుకున్నాడు. పిచ్చుక కంటబడితే పని సాగదు. పైకప్పు మూసి, రబ్బరు బ్యాండ్లు బిగించాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది. రెండో చేతి గుప్పిట బిగిసి ఉంది. ఏడుపు ఆపుకోవాలంటే ఆమె అలాగే బిగిస్తుంది. అతను దానిమీద చెయ్యి వేయబోయాడు. ఆమె వెనక్కి తీసుకుంది.

సాయంత్రం తమ్ముడు వస్తూనే, అన్నయ్య ఒక్క పైకప్పు వేసేలోగా తమ వీధిలో రెండు మేడలు లేచాయని వేళాకోళమాడాడు. అతను రబ్బరు బ్యాండ్లు విప్పి దీపం వేశాడు. తమ్ముడి నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటన్నయ్యా?"

ఒక్క కిటికీలోంచీ ఏమీ కనబడటం లేదు. అద్దాలన్నీ లోపలివైపు పాలు పూసినట్టు తెల్లబడి ఉన్నాయి.

"ఆ టక్కున అతికే జిగురు నేను ముట్టనే లేదు," అన్నాడు.

"నేను ముట్టాను," అంది భార్య గుమ్మంలోంచి. "సీటొకటి ఊగుతోంది. మీరు చేతులు కడుక్కుంటుంటే అంటించాను."

"అదేంటి వదినా, శుక్లాల జోకు మాకన్నా మీరే ఎక్కువసార్లు విన్నారు కదా."

"మర్చిపోయాను."

తమ్ముడు గోటితో అంచు తడిమి చూశాడు. జిగురు గట్టిపడింది. బలవంతంగా తీస్తే గోడలు విరుగుతాయి. "పోనీలే, మంచు పట్టిన రైలని చెబుదాం," అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"అలాగే చెప్పు," అందామె. "ఆరోజూ మంచే కదా."

అతను భార్య వంక చూశాడు. ఆ గుప్పిట మళ్లీ బిగిసి ఉంది. ఇప్పుడది ఏడుపులా లేదు, పంతంలా ఉంది.

"కావాలనే చేశావు," అన్నాడు మెల్లగా. "నాకది కూతురు. నీకు ప్లాస్టిక్ ముక్క."

తమ్ముడు తలెత్తకుండా పెట్టెకు దూది చుట్టి, అట్టపెట్టెలో సర్దుకుని వెళ్లిపోయాడు. అతను సాగనంపడానికి వెళ్లి, మళ్లీ లోపలికి రాలేదు. వీధి మెట్ల మీదే కూలబడ్డాడు.

ఆమె అతని కుర్చీలో కూర్చుని, బల్లదీపం దగ్గరికి లాక్కుంది.

గుప్పిట విప్పింది. ఎర్ర స్వెటరులో పిచ్చుక చెయ్యి ఊపుతోంది.